అసలే గుండ్రం, ఆపై బొద్దు

ఐస్‌క్రీం బండి, ప్లేస్కూలు వ్యాను, పసిపిల్లల సబ్బు పెట్టె: ఈ మూడింటి మీదా రాత ఒకే పోలికతో ఉంటుంది. గీతలు లావుగా, కొసలు మొద్దుగా ఉంటాయి. పదునైన మూల ఎక్కడా కనబడదు. ఇదే రాతతో కోర్టు నోటీసు అచ్చు వేస్తే అందుకున్నవాడు నవ్వుకుని పక్కన పెట్టేస్తాడు. నోటీసులో ఒక్క మాట కూడా మారలేదు. అక్షరాలు ఒళ్లు చేశాయి, అంతే.

ఇలాంటి ఫాంట్లను చూడగానే గుర్తుపడతాం. వాటిలో మూడు వేర్వేరు గుణాలు కలగలిసి ఉన్నాయన్నది మాత్రం సాధారణంగా గమనించం. ఒకటి బొద్దుతనం, అంటే గీత మందం. రెండోది గుండ్రదనం. మూడోది అవి డిస్‌ప్లే ఫాంట్లు కావడం, అంటే పేజీలకు పేజీలు చదివించడానికి కాకుండా శీర్షికకో, బోర్డుకో, పోస్టరుకో పెద్ద సైజులో వాడటానికి గీసినవి కావడం. రోమన్ లిపిలో ఈ మూడూ చక్కగా పొసగుతాయి. తెలుగుకు వచ్చేసరికి మొదటి రెండింటికీ పేచీ మొదలవుతుంది. మంచి తెలుగు బొద్దు ఫాంట్లు అరుదుగా దొరకడానికీ, దొరికినవాటిలో కొన్ని మసిముద్దల్లా కనబడటానికీ ఆ పేచీయే మూలం.

షికాగోలో పుట్టిన లావు

ఈ తరహాకు పెద్దదిక్కు అనదగ్గ ఫాంటు కూపర్ బ్లాక్. ఆస్వాల్డ్ కూపర్ అనే షికాగో అక్షర చిత్రకారుడు దాన్ని గీశాడు. అదే ఊళ్లోని బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అనే టైపు ఫౌండ్రీ 1922లో సీసపు అక్షరాలుగా పోతపోసి అమ్మింది. ప్రకటనలు జోరందుకున్న కాలం అది. పత్రికలో పక్కపక్కన ఉన్న పది ప్రకటనల్లో మనది ముందు కంటపడాలంటే అక్షరం నల్లగా, దిట్టంగా ఉండాలి. చూపు ఆనని ఖాతాదారులున్న, ముందుచూపు గల ముద్రాపకుల కోసమే ఈ టైపు గీశానని కూపర్ చమత్కరించాడట.

నిజానికి నల్లటి, దిట్టమైన అక్షరాలు అంతకుముందూ ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దపు పోస్టర్ల నిండా అవే. కాకపోతే అవి కోపంగా అరిచినట్టుండేవి. కూపర్ చేసిన కొత్త పని, ఆ గొంతులోని కరుకుదనం తీసేయడం. రోమన్ అక్షరాల కొసల్లో పాదాల్లాంటి చిన్న అడ్డగీతలుంటాయి, వాటిని సెరిఫ్‌లంటారు. కూపర్ బ్లాక్‌లో ఆ పాదాలు నీళ్లలో నానినట్టు ఉబ్బి, అంచులు కరిగి కనిపిస్తాయి. అక్షరం అడుగు కూడా తిన్నగా ఉండదు, కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. ఇంగ్లీషు O అక్షరం నిటారుగా నిలబడకుండా వెనక్కి ఒరుగుతుంది. బరువు తగ్గలేదు, బెదిరింపు తగ్గింది.

దానికి రెండో వైభవం 1960లు, 70లలో వచ్చింది. రుద్ది అంటించుకునే లెట్రాసెట్ షీట్లు, సీసం బదులు ఫిల్ము మీద అక్షరాలు పేర్చే ఫోటో టైప్‌సెట్టింగ్ అప్పటికి వ్యాపించాయి. సీసపు అక్షరం తన దిమ్మె హద్దు దాటి పక్క అక్షరాన్ని ఒరుసుకోలేదు. ఫిల్ముకు ఆ అడ్డు లేదు. బొద్దు అక్షరాలను ఒకదానికొకటి ఆనించి, గుత్తిలా పేర్చే పద్ధతి అప్పుడే బాగా ప్రచారంలోకి వచ్చింది. టీషర్టుల మీద, ఆల్బం అట్టల మీద, అంగళ్ల బోర్డుల మీద కూపర్ బ్లాక్ విచ్చలవిడిగా తిరిగింది. చవక టికెట్ల విమానయాన సంస్థ ఈజీజెట్ పేరు నేటికీ ఆ ఫాంటులోనే ఉంది. విమానం ఎక్కడం బస్సు ఎక్కినంత మామూలు విషయమని ప్రయాణికుడికి అనిపించాలనుకునే సంస్థకు అంతకంటే తగిన అక్షరం దొరకదు.

గుండ్రదనంలో మరో తెగ కూడా ఉంది. ఫోక్స్‌వాగన్ కోసం 1979లో తయారైన వ్యాగ్ రౌండెడ్‌లో పాదాలు అసలే లేవు. గీత మందం మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒకటే, కొస మాత్రం అర్ధవృత్తంలా ముగుస్తుంది. ఆపిల్ ల్యాప్‌టాప్ కీబోర్డుల మీద చాలా ఏళ్లు ఉన్నది ఆ అక్షరాలే. కూపర్ బ్లాక్‌లోది కరిగిన గుండ్రదనం అయితే, ఇది గొట్టం వంచిన గుండ్రదనం. నియాన్ దీపపు గొట్టానికీ, రేకు మీద అక్షరాలు చెక్కే గుండ్రటి మొన గల యంత్రానికీ వచ్చే అక్షరం సహజంగా ఇలాగే ఉంటుంది.

ఈ రెండో తెగను గీయడం చూసినంత తేలిక కాదు. ఒకే పొడవున్న రెండు గీతల్లో ఒకదాని కొస చదరంగా, మరొకదాని కొస గుండ్రంగా ఉంటే గుండ్రటిది పొట్టిగా అనిపిస్తుంది. అందుకని దాన్ని కొంచెం సాగదీయాలి. రెండు గీతలు కలిసే చోట నలుపు పోగుపడి మరకలా కనబడుతుంది కనుక అక్కడ గీతను కొద్దిగా సన్నం చేయాలి. బాగా గీసిన బొద్దు ఫాంటులో మందం అంతటా ఒకేలా ఉన్నట్టు కనిపిస్తుంది. కొలిచి చూస్తే ఎక్కడికక్కడ తేడా ఉంటుంది.

గుండ్రటిది మెత్తనిదని మనకు ఎందుకు అనిపిస్తుంది? మనస్తత్వ శాస్త్రంలో దీని మీద పేరుమోసిన ప్రయోగం ఒకటుంది. కోసుగా ఉన్న ఆకారం ఒకటి, ఉబ్బెత్తు వంపులున్న ఆకారం ఒకటి చూపించి, వీటిలో బూబా ఏది, కికీ ఏది అని అడుగుతారు. వి.ఎస్. రామచంద్రన్, ఎడ్వర్డ్ హబ్బర్డ్ 2001లో దీని గురించి రాశారు. అంతకు చాలా ముందే, 1929లో, వోల్ఫ్‌గాంగ్ కోలర్ వేరే మాటలతో ఇలాంటి ప్రశ్నే వేశాడు. అడిగినవారిలో అత్యధికులు వంపుల ఆకారాన్నే బూబా అన్నారు. ఫాంటుకు దీన్ని నేరుగా అన్వయించలేం గానీ, వంపు చూసి మెత్తదనాన్ని ఊహించే అలవాటు మనలో బలంగా ఉందన్న మాట నిజం.

చిక్కు ఇక్కడే ఉంది. ఆ మెత్తదనం ఎదురుగా కోసుతనం ఉన్నప్పుడే తెలుస్తుంది. రోమన్‌లో నిలువు గీతలు, అడ్డగీతలు, మూలలు దండిగా ఉన్నాయి కాబట్టి వాటిని గుండ్రం చేస్తే మార్పు వెంటనే కంటికి తగులుతుంది. అక్షరమాలంతా ముందే గుండ్రంగా ఉంటే?

ర కడుపులో చుక్క

తాటాకు మీద గంటంతో తిన్నటి గీతలు గీస్తే ఆకు నారల వెంట చీలిపోతుందని, తెలుగు లిపి గుండ్రంగా మారడానికి అదొక కారణమని అంటారు. కారణం ఏదైనా, తెలుగులో తిన్నటి గీత అరుదు. పైగా గంటం రాతలో లావు సన్నం తేడా ఉండదు. మొన ఎంతో గాటూ అంతే. కొత్త ఫ్యాషనుగా అమ్ముడుపోతున్న ఏకమందపు గుండ్రటి గీత మన తాళపత్రాల్లో ఎప్పటి నుంచో ఉంది. అందుకే తెలుగులో గుండ్రటి ఫాంటు అంటే విడిగా ఏమిటో చెప్పడం కష్టం. మన లిపిలో గమనింపుకు వచ్చేది దానికి వ్యతిరేకమైనది. యాక్షన్ సినిమా పోస్టర్ల మీద అక్షరాల పొట్టలు చదును చేసి, కొసలు కత్తుల్లా చెక్కుతారు చూడండి, అక్కడ లిపిని దాని స్వభావానికి ఎదురు నడిపిస్తున్నారు కనుక వెంటనే ఉగ్రంగా కనబడుతుంది.

కాబట్టి తెలుగు బొద్దు ఫాంటు తన మెత్తదనాన్ని ఇంకోచోట చూపించుకోవాలి. తలకట్టు కొస, కొమ్ము చివర, దీర్ఘం వంపు, సున్న బొడ్డు: ఇవే దానికి దొరికే చోట్లు. వీటిలో తలకట్టు అన్నిటికంటే ముఖ్యం. దాదాపు ప్రతి అక్షరం నెత్తి మీదా వస్తుంది కనుక దాని కొసను మొద్దుగా ముగించారా, కోసుగా ముగించారా అన్నదాన్ని బట్టి పంక్తి మొత్తం తీరు మారిపోతుంది.

ఇక లావు సంగతి. ఒక లెక్క వేసి చూద్దాం. అక్షరం పొట్ట ఎత్తు 600 పాళ్లు, గీత మందం 150 పాళ్లు అనుకుందాం. ఇంగ్లీషు ఓ అక్షరమైతే పైన 150, కింద 150 పోగా లోపల 300 పాళ్ల తెలుపు మిగులుతుంది. అందులో పెట్టాల్సింది ఏమీ లేదు. మన ర కూడా అంతే, తలకట్టు పైన ఉంటుంది గానీ పొట్ట ఖాళీ. ఇప్పుడు ఠ రాయండి. అదే పొట్ట, మధ్యలో ఒక చుక్క. చుక్క చుక్కలా కనబడాలంటే కనీసం 120 పాళ్లయినా ఉండాలి. చుక్కకు పైన 90, కింద 90 మిగిలాయి. ఇది పెద్ద బోర్డు మీద సరిపోతుంది. పత్రిక కాగితం మీద చిన్న సైజులో సిరా కొద్దిగా పాకితే ఆ 90 మూసుకుపోయి ఠ నల్లటి బిళ్ల అవుతుంది. లేదంటే చుక్క పొట్టకు అతుక్కుని రకరకాలుగా చదవబడుతుంది. రోమన్‌లో గీత మందాన్ని ఇంకా పెంచినా ఓ అక్షరం ఓ గానే ఉంటుంది. తెలుగులో మందం పెరిగితే అక్షరమే మారిపోవచ్చు.

ఇలాంటి జంటలు మనకు బోలెడు. ద, థ, ధ మూడింటికీ ఒళ్లు ఒకటే: దకూ ధకూ తేడా అడుగున చిన్న గీత, ధకూ థకూ తేడా లోపలి చుక్క. డకూ ఢకూ తేడా కింది గీతే. పకూ షకూ తేడా లోపలి చిన్న గీతే. చదివేవాడు అక్షరాన్ని గుర్తుపట్టేది ఈ నలుసుల్లాంటి గుర్తుల వల్ల. బొద్దు చేసేటప్పుడు ముందు బలయ్యేవీ ఇవే. చేయి తిరిగిన రూపకర్త అన్ని గీతలనూ ఒకే పాళంగా లావు చేయడు. పొట్టలు లావెక్కిస్తాడు, లోపలి గుర్తులను సన్నగానే ఉంచుతాడు, అక్షరాన్ని కాస్త వెడల్పు చేసి లోపల తెలుపుకు చోటిస్తాడు. వెడల్పు పెరిగితే పదం పొడవు పెరుగుతుంది. దినపత్రికల పతాక శీర్షికల్లో అక్షరాలు నల్లగా ఉన్నా నిలువుగా నొక్కినట్టుండటానికి కారణం ఇదే. ఆరు కాలమ్‌ల వెడల్పులో వార్త పట్టాలంటే గుండ్రటి బొద్దుతనం వాళ్లకు గిట్టుబాటు కాదు.

ఒత్తులు అడిగే చోటు

అక్షరం లోపలి కథ అది. కింద ఇంకో అంతస్తు ఉంది. మన ఊళ్లలో సగం దుకాణాల పేర్లు శ్రీ లక్ష్మీ అనే మొదలవుతాయి, అందుకని బోర్డు రాసేవాడికి తప్పించుకునే దారి లేదు. శ్రీలో క్రారవడి, అంటే ర ఒత్తు, అక్షరం కింద నుంచి ఎడమవైపుకు చుట్టుకుని వస్తుంది. క్ష్మీలో ష ఒత్తు, దాని వెంటే మ ఒత్తు, పైన గుడిదీర్ఘం. రాష్ట్రంలో ష కింద ట ఒత్తు, ర ఒత్తు. ఆంధ్రలో అయితే మరీ ఇరకాటం: ధ అడుగున ఉండే గీత ఒకటి, సరిగ్గా అదే చోటుకు కింది నుంచి వచ్చే క్రారవడి ఒకటి. సన్నటి ఫాంటులో రెండూ పక్కపక్కన సర్దుకుంటాయి. బొద్దు ఫాంటులో ఢీకొంటాయి. రూపకర్త గీతను కురచ చేస్తాడో, క్రారవడిని కిందికి దింపుతాడో, రెంటినీ కలిపి ఆ సంయుక్తాక్షరానికే వేరే బొమ్మ గీస్తాడో చూస్తే ఆయన ఎంత శ్రద్ధపెట్టాడో తెలిసిపోతుంది.

ఒత్తుల మందం మరో తగువు. పై అక్షరంతో సమానంగా లావు చేస్తే కింద అంత చోటు లేదు. మరీ సన్నం చేస్తే పైన పహిల్వాను, కింద బక్కప్రాణి. ఒత్తు కొలతకు చిన్నదైనా చూపుకు పై అక్షరం ఈడుదే అనిపించాలి. కూపర్ బ్లాక్‌లా అక్షరాలను ఆనించి పేర్చుదామన్నా కుదరదు, ఎడమకు తిరిగే క్రారవడి ముందు అక్షరం పాదాన్ని తొక్కుతుంది. పంక్తుల మధ్య దూరం తగ్గిద్దామంటే పై పంక్తి ఒత్తులు, కింది పంక్తి గుడులు తగువు పడతాయి. బొద్దు తెలుగు ఫాంటుతో రెండు పంక్తుల శీర్షిక పెట్టేటప్పుడు ఇంగ్లీషుకు అలవాటైన దూరం వదిలితే చాలదు, ఇంకా ఎక్కువ కావాలి.

ఇవన్నీ తట్టుకుని నిలబడ్డ ఫాంట్లు లేకపోలేదు. ముంబయిలోని ఏక్ టైప్ అనే అక్షర రూపకర్తల బృందం బాలూ అనే ఎలుగుబంటి పేరుతో ఒక బొద్దు గుండ్రటి కుటుంబాన్ని తయారుచేసింది. భారతీయ లిపులు ఒక్కోదానికి ఒక్కో ఫాంటు ఉంది, చాలావాటికి ఆ భాషలోని ఆప్యాయపు పిలుపుతో పేరు పెట్టారు. తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, పంజాబీకి పాజీ, మనకు తమ్ముడు. తెలుగు అక్షరాలను గీసింది ఓంకార్ షేండే. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. ఇందులో నాకు నచ్చిన సంగతి, రోమన్‌ను తెచ్చి తెలుగు పక్కన అతికించినట్టు ఉండకపోవడం. దుకాణం పేరు తెలుగులో, ఫోన్ నంబరూ వెబ్ చిరునామా ఇంగ్లీషులో ఉండే మన బోర్డులకు ఇది చిన్న లాభం కాదు. మొదట్లో ఒకే మందంతో వచ్చింది. తర్వాత బాలూ 2 పేరుతో మామూలు నుంచి బాగా లావు వరకు అయిదు మందాలు ఇచ్చారు. శీర్షిక లావుగా, దాని కింది రెండు మాటలు కాస్త సన్నగా, అయినా ఒకే ఇంటి పోలికతో పెట్టుకునే వీలు అప్పుడు కలిగింది.

అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన తెలుగు ఫాంట్లలోని రామభద్ర కూడా దిట్టమైన డిస్‌ప్లే ఫాంటే. దాని నడక వేరు. బొద్దు అంటే బొద్దే గానీ ముద్దు చేయదు. సభల బ్యానర్లకూ ఆహ్వాన పత్రాల శీర్షికలకూ అది నప్పుతుంది. ప్లేస్కూలు వ్యానుకు తమ్ముడే కావాలి.

ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

పిల్లల వస్తువులు, తినుబండారాలు, ఆటల యాప్‌లు, టీకాల ప్రచారం పోస్టర్లు: వీటికి బొద్దు గుండ్రటి అక్షరం ఎందుకు సరిపోతుందో వేరే చెప్పక్కర్లేదు. టీకాల పోస్టరు విషయంలో మాత్రం ఒక మాట. భయపడే విషయాన్ని భయం లేకుండా చెప్పాల్సిన చోట ఈ అక్షరం నిజంగా పనిచేస్తుంది. ఆదేశంలా కాక ఇంటి మనిషి చెప్పినట్టు వినబడుతుంది. ఆ గుణాన్నే వాడుకుని బ్యాంకులూ, అప్పులిచ్చే యాప్‌లూ ఈ మధ్య గుండ్రటి అక్షరాల వైపు మళ్లుతున్నాయి. వడ్డీ మాత్రం గుండ్రం కాదు. షరతులు మళ్లీ సన్నటి అక్షరాల్లోనే ఉంటాయి కనుక పెద్ద అక్షరాల ఆప్యాయతను కాస్త అనుమానంగా చూడటమే మంచిది.

పెట్టకూడని చోటుకు మన వీధుల్లోనే ఉదాహరణ ఉంది. శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు. దండ వేసిన ఫోటో కింద అశ్రునయనాలతో అన్న మాట బుగ్గలు ఉబ్బించుకున్న అక్షరాల్లో కనబడుతుంది. పుట్టినరోజు ఫ్లెక్సీకి వాడిన ఫైలునే తెరిచి పేరు మార్చి ఉంటారు. ఎవరి దుఃఖాన్నీ తక్కువ చేయాలని కాదు గానీ, ఆ అక్షరాలకు ఏడవడం రాదు. మందుల చీటీలు, ప్రశ్నపత్రాలు, పేరాలకు పేరాలు సాగే వ్యాసాలు కూడా వీటికి పడవు. కన్ను చదివేది నలుపును మాత్రమే కాదు, నలుపు మధ్య తెలుపును కూడా. బొద్దు ఫాంటులో ఆ తెలుపు కొరత. నాలుగు మాటల వరకు కన్ను సర్దుకుంటుంది, నాలుగు పంక్తులకు అలిసిపోతుంది.

ఫ్లెక్సీ దుకాణాల్లో ఇంకో అలవాటుంది. చేతిలో బొద్దు ఫాంటు లేనప్పుడు మామూలు ఫాంటునే తీసుకుని, చుట్టూ అదే రంగు అంచు తగిలించి లావు చేస్తారు. అంచు బయటికి ఎంత పెరుగుతుందో లోపలికీ అంతే పెరుగుతుంది. ర పొట్ట చిక్కిపోతుంది, ఠ చుక్క మునిగిపోతుంది, ధ కింది గీత ఒత్తులో కలిసిపోతుంది. బొద్దు ఫాంటు గీసినవాడు నెలల తరబడి ఏ తెలుపును కాపాడాడో ఆ తెలుపే ఒక్క నొక్కుతో పోతుంది. అంచు తప్పనిసరి అనుకుంటే అక్షరం వెనక పొరలో వేయాలి. అప్పుడు లోపలి వైపు కనీసం అసలు అక్షరం చెడదు. అయితే అంచుకూ అక్షరానికీ రంగు వేరుగా ఉండాలి, లేకపోతే వెనక పొర కూడా పొట్టలోకి తొంగిచూసి అదే నష్టం చేస్తుంది.

వెబ్‌లో ఇదే తప్పు ఎవరూ నొక్కకుండానే జరుగుతుంది. పాత బాలూ తమ్ముడు, రామభద్ర లాంటి ఒకే మందపు ఫాంట్లు చూడటానికి ఎంత లావుగా ఉన్నా, లెక్కల్లో వాటి మందం మామూలు అనే, అంటే 400 అనే నమోదై ఉంటుంది. వెబ్ పేజీలో పెద్ద శీర్షికకు వాడే ట్యాగు మాత్రం బోల్డ్ కావాలని, అంటే 700 కావాలని బ్రౌజరును అడుగుతుంది. ఫాంటులో ఆ మందం లేదు కనుక బ్రౌజరు ఊరుకోకుండా ఉన్న అక్షరాన్నే తానే ఉబ్బిస్తుంది. అసలే బొద్దు, ఆపై దొంగ బొద్దు. మీ సైటులో తెలుగు శీర్షికలు ఫాంటు నమూనాలో చూసినదానికంటే మురికిగా కనిపిస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. శీర్షిక మందాన్ని 400 అని విడిగా రాస్తే సరిపోతుంది. బాలూ 2 వాడేవారు కావలసిన మందపు ఫైలును నిజంగా పేజీలో జతచేశారో లేదో చూసుకోవాలి.

ఫాంటును ఎంచుకునేటప్పుడు నమూనాలో వాళ్లు చూపించే అందమైన మాటలు నమ్మకండి. అవి ఒత్తులు లేని మాటలుగా ఏరుకుని పెట్టినవై ఉంటాయి. ఠాణా, థియేటర్, ధ్రువపత్రం, ఆంధ్రప్రదేశ్, రాష్ట్రం, లక్ష్మి అని మీరే టైపు చేయండి. తెర మీద పెద్దది చేసి కాదు, వాడబోయే సైజులోనే చూడండి. బోర్డు కోసమైతే చిన్న కాగితం మీద అచ్చు తీసి గోడకు అంటించి పది అడుగుల వెనక్కి వెళ్లండి. ఠాణా అక్కడి నుంచి రాణాగా కనబడితే ఆ ఫాంటు ఆ సైజుకు పనికిరాదు, ఒక మెట్టు తక్కువ మందం తీసుకోండి.